జింకలు బండ వైపు చూశాయి

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, నవ్వూ రాదు. విసుగొస్తుంది. పత్తికొండలో చాలా ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిఫోటోలో వెనక తెల్లగా ఎవరో నిలబడ్డారని, పోయిన అవ్వ కిటికీలోంచి చూస్తోందని ఫోటోలు పట్టుకొచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. ఫ్లాషు వెలుతురు అద్దానికి తగిలి వెనక్కి వచ్చిందని చెబుతాను. లెన్సు మీద దుమ్మని చెబుతాను. వినరు. వాళ్లకి దయ్యమే కావాలి. అట్లాంటి ఫోటోలకి ఫ్రేము కట్టించుకున్న మహానుభావులు కూడా ఉన్నారు.

ఇప్పుడు నేను రాస్తున్నదీ ఫోటోల సంగతే. అందుకే ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. ఇదే కథ పట్టుకుని నా కొట్టుకి ఇంకెవరైనా వచ్చి ఉంటే, టీ ఇప్పించి, లెన్సు తుడుచుకోమని చెప్పి పంపేసేవాణ్ణి.

మాది పత్తికొండకి దగ్గర్లోనే ఒక చిన్న ఊరు. పేరు రాయను. ఉగాదికి ముందు మా ఊళ్లో వేట ఉంటుంది. మగవాళ్లంతా కర్రలు, వలలు, కుక్కలతో గుట్ట మీదికి పోతారు. జింకని కొడితే జైలని అందరికీ తెలుసు. ఫారెస్టువాళ్లు వచ్చి చెప్పిపోతారు, అందరూ తలూపుతారు, మర్నాడు కర్రలు నూనె రాసుకుంటాయి. తాతల కాలంలో జింకల్నే తెచ్చేవాళ్లట. నాకు తెలిసినంతలో మాత్రం చాలా ఏళ్లు రెండు కుందేళ్లతో, ముళ్లు గుచ్చుకున్న కాళ్లతో తిరిగొచ్చారు. అయినా ఆ నెల వచ్చిందంటే ఊరు ఊరుగా ఉండదు.

మా అన్న మద్దిలేటి వేటకి జాడ చూసేవాడు. వేటకి ముందు కొన్ని వారాలు గుట్ట చుట్టూ తిరిగి, జింకలు ఏ వాగులో, ఏ వంకలో నీళ్లు తాగుతున్నాయో, ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో కనిపెట్టి ఊరికి చెప్పడం అతని పని. అతను చెప్పేది నిజమేనా అని నాకు ఎప్పుడూ అనుమానమే. తూర్పు వంకలో ఉన్నవాటిని పడమటి వంకలో ఉన్నాయని చెప్పి, ఊరందరినీ ఎండలో తిప్పి, సాయంత్రం ఏమీ ఎరగనట్టు బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడని నా లెక్క. అడిగితే నవ్వేవాడు. జింకల్ని చూడటమంటే అతనికి పిచ్చి. చంపడమంటే అంత ఇష్టం ఉన్నట్టు లేదు.

అన్నకి ఖాజా అని ఒక స్నేహితుడు. కడప వైపు వాడు. ఇద్దరూ వయసులో టమోటా లారీల మీద కలిసి తిరిగారు. తర్వాత ఖాజా కువైట్‌లో డ్రైవరుగా చేరాడు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు సెంటు సీసాలతో పాటు ఒక డబ్బా తెచ్చాడు. పైన కొమ్ముల జింక బొమ్మ ఉంది. లోపల ఇటుక అంత కెమెరా, దానికి నడుముపట్టీ లాంటి పట్టీ. అతని షేకు వేటకి పోయే మనిషట. కొత్తది కొనుక్కుని పాతది ఇతనికి ఇచ్చాడట.

"దీనికి మనిషి అక్కర్లే మామా. చెట్టుకి కట్టి వచ్చెయ్. వేడిగుండే ఒళ్లు ఏదన్నా ముందర కదిలితే సాలు, అదే ఫోటో తీసుకుంటాది" అన్నాడు ఖాజా.

"అట్లయితే మా సుంకన్న కొట్టు మూసుకోవల్ల" అన్నాడు మా అన్న నన్ను చూసి.

ఆ రోజుల్లో అప్పుడప్పుడే ఫిల్ము రోళ్లు పోయి మెమరీ కార్డులు వస్తున్నాయి. నాకు ఆ డబ్బా మీద ఆసక్తి పుట్టిన మాట నిజం. ముగ్గురం పోయి తూర్పు వంకలో ఒక తుమ్మచెట్టుకి కట్టాం. ఆ వంకలో ఇసుక తవ్వితే నీళ్లు ఊరే చెలమ ఒకటి ఉంది. కెమెరా దాని వైపు తిప్పాం. చెలమకి ఎడమ పక్క నున్నటి బండ. అన్న జాడ చూసేటప్పుడు గంటలు గంటలు కదలకుండా ఆ బండ మీదే కూర్చునేవాడట. జింకలు మొదట్లో పారిపోయేవట, తర్వాత అలవాటుపడి అతని ముందే నీళ్లు తాగేవట. నేను నమ్మలేదు. నమ్మాల్సిన పని కూడా లేదు.

వారానికోసారి అన్న కార్డు తెచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. జింకలు, అడవిపందులు, ఒక గుంటనక్క, దారితప్పిన మేకలు. కొమ్ము విరిగిన మగజింక ఒకటి తరచూ కనపడేది. దాన్ని చూసినప్పుడల్లా, మా ఊళ్లో ఎన్నికల్లో ఓడిపోయిన ఒక పెద్దమనిషి పేరు పెట్టి పలకరించేవాడు. కొట్టుకి పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చినవాళ్లు కూడా ఆగి చూసి నవ్వుకునేవాళ్లు. మంచి రోజులే అవి. అప్పుడు తెలియలేదు.

ఇక్కడ మా వైపు ఒక పద్ధతి చెప్పాలి. బయలుదేరి గడప దాటుతున్న మనిషిని "యాడికి?" అని అడగకూడదు. అడిగితే పోయే పని చెడుతుందంటారు. మామూలు రోజుల్లో ఎవరో ఒకరు నోరు జారుతూనే ఉంటారు, తిట్లు తింటూనే ఉంటారు. వేట నెలలో మాత్రం, అందులోనూ జాడ చూడటానికి పోయే మనిషిని, ఆ మాట అడిగే ధైర్యం ఏ ఆడమనిషికీ ఉండదు. వేటలో ఎవరికి దెబ్బ తగిలినా ఆమె మీదికే వస్తుంది మరి.

ఆ ఏడు వేటకి ఇంకా కొన్ని రోజులుందనగా, ఒక ఉదయం మా అన్న ఇంట్లోంచి బయలుదేరాడు. భుజాన తుండు, కాళ్లకి చెప్పులు. బండి వాకిట్లోనే ఉంది, తీసుకుపోలేదు. వదిన వాకిలి చిమ్ముతోంది. చీపురు ఆపి తలెత్తింది. ఎప్పుడూ బీడీకట్ట జేబులో పెట్టుకుని గానీ కదలనివాడు అది అరుగు మీదే వదిలేసి పోతుంటే, యాడికి అని అడగబోయిందట. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. జాడకి పోతున్నాడేమో, ఎందుకులే అనుకుంది. అతను వీధి మలుపు తిరిగాడు.

అంతే. మా అన్నని మళ్లీ ఎవరూ చూడలేదు.

ఊరంతా గుట్ట గాలించింది. పాడుబావుల్లోకి తాళ్లు కట్టి దిగారు. ఇంకా సెలవులోనే ఉన్న ఖాజా కడప నుంచి రాత్రికి రాత్రి వచ్చాడు. ఇద్దరం మొదట చేసిన పని ఆ కెమెరా కార్డు తీసి చూడటం. ఆ రోజువి జింకల ఫోటోలు ఉన్నాయి, ఒక కుందేలు ఉంది, మా అన్న లేడు. అంటే తూర్పు వంకకి పోలేదనుకున్నాం. మరి ఎటు పోయాడో చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ లేరు. పోలీసులు కూడా ముందు అడిగింది అదే. యాడికి పోతాండాడో చెప్పి పోలేదా, మీరైనా అడగలేదా అని.

కనపడుటలేదు అని పంచిన కాగితం నేనే తయారుచేశాను. అన్న ఒక్కడిదే మంచి ఫోటో దొరకలేదు. పెళ్లిఫోటో తీసి, పక్కనున్న వదినని కత్తిరించేశాను. ఎంత కత్తిరించినా ఆమె గాజులు ఒక మూల కనపడుతూనే ఉన్నాయి. మొహం మీద నీడ ఉంటే వెలుతురు పెంచాను. అంచు వంకర పోయిందని మళ్లీ కోశాను. ఎవరిదో గిరాకీ పని చేస్తున్నట్టే చేశాను. కర్నూలు బస్టాండు స్తంభాలకి, ఆసుపత్రి గోడలకి అంటించి వస్తూ హోటల్లో కడుపునిండా భోజనం కూడా చేశాను. ఏడుపు రాలేదు. దాన్ని గురించి సిగ్గుపడాలని కూడా అనిపించలేదు. లోపల ఎక్కడో తిమ్మిరెక్కినట్టు ఉండేది, అంతే.

ఊరికి మాత్రం మాటలు కరువా? ఇంకో ఆడదాంతో పోయాడన్నారు. కువైట్‌కి పోయాడన్నారు, ఖాజా ఎదురుగానే. అన్నిటికంటే పాపిష్టి మాట ఆడవాళ్లది. "ఒక్క మాట అడిగింటే నోరు అరిగిపోతాదా?" అని వదిన మొహానే అన్నారు. ఆమె నిజంగా అడిగి ఉంటే, శకునం చెడగొట్టిందని తిట్టేది కూడా వాళ్లే. నాకు ఒళ్లు మండింది. వదిన మాత్రం తలొంచుకుని వినేది. వాళ్లు చెప్పింది న్యాయమే అన్నట్టు వినేది.

అప్పట్నుంచి వదిన మనిషి మనిషి కాదు. తాళి తీయమని ఎవరూ అనలేదు, ఉంచుకో అనీ అనలేదు. పండగొస్తే పసుపు రాసుకోవాలో లేదో ఆమెకి తెలియదు. పిల్లలు లేరు. రోజూ రెండు పళ్లేలు పెట్టి, ఒకదాంట్లో తిని, రెండోది పొద్దుపోయాక కుక్కకి వేసేది. నేను ప్రతి ఆదివారం మధ్యాహ్నం పోయి అక్కడే తినేవాణ్ణి. ఇద్దరం మాట్లాడుకునేది తక్కువ. ఎప్పుడైనా ఉన్నట్టుండి, "నేను అడిగింటే చెప్పేవాడు సుంకన్నా. నాతో ఏదీ దాచడు" అనేది. ఆమెకి కావాల్సింది ఒక్కటే. ఆ రోజు అతను యాడికి పోయాడో తెలియాలి. బతికి రావాలని కూడా అడగడం మానేసింది. ఆ ఒక్కటీ తెలిస్తే ఇంత ముద్ద నోట్లోకి పోయేట్టు ఉండేది ఆమెకి. రోజురోజుకీ ఎండిపోతోంది. ఇట్లాగే ఉంటే ఇంకో ఏడాది కూడా ఉండదని మా ఊరి డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

మళ్లీ వేట నెల వచ్చింది. ఊళ్లో పెద్దవాళ్లు నలుగురు కొట్టుకి వచ్చారు. "మద్దిలేటి లేకపాయె. ఆ డబ్బా అన్నా జాడ చెప్తాది గదప్పా" అన్నారు. నాకు కోపం కూడా రాలేదు. సరే అన్నాను. కెమెరా ఏడాదిగా ఆ తుమ్మచెట్టుకే ఉంది. వానకి, ఎండకి రంగు వెలిసింది గానీ, కొత్త బ్యాటరీలు వేస్తే పనిచేసింది. కార్డు మార్చి వచ్చాను.

వారం తర్వాత ఆ కార్డు తెచ్చి స్టూడియోలో పెట్టుకుని చూశాను. ముందు ఏమీ తోచలేదు. జింకలు వచ్చాయి, చెలమ దగ్గర నిలబడ్డాయి. మామూలే. నాలుగైదు ఫోటోలు చూశాక చెయ్యి ఆగింది. వెనక్కి పోయి మళ్లీ మొదటినుంచి చూశాను.

అన్ని ఫోటోల్లోనూ జింకలు ఎడమ పక్కకే చూస్తున్నాయి.

ఒకటి రెండు కాదు. ఎన్ని ఉంటే అన్నీ. తలలెత్తి, చెవులు నిక్కించి, ఫ్రేము బయట ఒకే చోటికి. ఉదయం వచ్చినవీ, సాయంత్రం వచ్చినవీ, పిల్లలూ, తల్లులూ. పారిపోయే వాలకం లేదు. జింక బెదిరితే తోక లేస్తుంది, కాళ్లు బిగుస్తాయి, అన్న చూపించాడు నాకు. ఇవి బెదరలేదు. కొన్ని ఒక కాలు ఊరికే సడలించి నిలబడ్డాయి కూడా. కొట్టుకి తెలిసిన మనిషి వస్తే నేను తలెత్తి చూస్తానే, అట్లా ఉంది వాటి చూపు. ఎడమ పక్కన ఉన్నది ఆ బండ.

గొర్రెలకాపరి ఎవడో అక్కడ కూర్చుంటున్నాడనుకున్నాను. మర్నాడే పోయి చూశాను. బీడీ ముక్క లేదు, కాలిగుర్తు లేదు, మేక పెంటిక లేదు. కెమెరాని తిప్పి, బండ కనపడేట్టు కట్టి వచ్చాను. ఎవడైతే వాడు పడతాడు కదా అని.

ఆ కార్డు నిండా బండ ఫోటోలు. ఖాళీ బండ. దాని మీద ఎండ, దాని మీద నీడ, మళ్లీ ఎండ. మనిషి లేడు, పక్షి లేదు, ఊగే కొమ్మ లేదు. వేడి ఒళ్లు కదిలితే తప్ప తీయని కెమెరా ఊరికే తీసుకుంటూ పోయింది. కొన్నిట్లో ఫ్రేము అంచున ఒక జింక మూతి, చెవి. ఆ జింకా బండనే చూస్తోంది.

ఖాజాకి కువైట్‌కి ఫోన్ చేశాను. బండ ఎండకి కాగితే దాని మీది వేడిగాలికి కూడా తీస్తుందని, వాళ్ల షేకు దగ్గర ఇసుకదిబ్బలకి ఇట్లాగే తీసేదని చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. నేనూ అదే అనుకున్నాను. మరి జింకలో అని అడగలేదు. అతనూ ఎత్తలేదు.

ఊరి పెద్దవాళ్లకి కార్డు పాడైందని చెప్పాను. తూర్పు వంకలో ఏమీ లేవని కూడా చెప్పాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

వదినకి చూపించాలా వద్దా అని ఆలోచించాను. చూపిస్తే లేనిపోని ఆశ పెట్టినట్టు. చూపించకపోతే ఆమె మొగుడి సంగతి ఆమె దగ్గర దాచినట్టు. చివరికి ఆదివారం పోతూ కొన్ని ప్రింట్లు తీసుకుపోయాను. వేట దగ్గరపడుతోంది, జింకలు బాగున్నాయి, ఊరికే చూడు అన్నాను. ఎడమ పక్క మాటే ఎత్తలేదు.

వదిన ఒక్కొక్కటీ తీసి నేల మీద పరుచుకుంది. చాలాసేపు చూసింది.

"మనిషిని చూసినట్ల చూస్తాండాయి" అంది.

ఒక ప్రింటు ఎడమ అంచు మీద వేలు పెట్టింది.

"బండ ఆ పక్కనే గదా ఉండాది?"

ఆమెని నేను ఎప్పుడూ అక్కడికి తీసుకుపోలేదు. అన్న చెప్పి ఉంటాడు. అతను ఆమెకి అన్నీ చెప్పేవాడు కదా.

"నన్ను ఆడికి తోలకపో సుంకన్నా" అంది వదిన.

మర్నాడు ఎండ ముదరకముందే ఇద్దరం బయలుదేరాం. బండి వంక దాకా పోదు. సగం దూరం నడిచాం. వదిన కూలిపనికి పోయే మనిషిలా కొంగు దోపి చకచకా నడిచింది. ఏడాదిలో ఆమె అంత చురుగ్గా కదలడం నేను చూడలేదు. చెలమ దగ్గర ఏ జంతువూ లేదు. గాలి కూడా లేదు. బండ మామూలు బండే.

వదిన బండకి ఎదురుగా నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను, పూనకం వస్తుందేమోనని కూడా భయపడ్డాను. అవేవీ లేవు. ఇంట్లో వంటగదిలోంచి మాట్లాడుతున్నట్టు మామూలు గొంతుతో అడిగింది.

"యాడికి పోతాండావు?"

అంతే. కాసేపు నిలబడి నా వైపు తిరిగింది.

"ఇంగ పోదాం పా" అంది.

"ఏంది వదినా ఇది?" అన్నాను. నాకు నిజంగా విసుగొచ్చింది. ఇంత దూరం వచ్చింది దీనికా అనిపించింది.

"అడిగినాను గదా. అడిగినాక ముందుకి పోకూడదు. ఇంటికొచ్చి కూచోని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లా పోవల్ల" అంది.

అది నిజమే. మా వైపు పద్ధతి అంతే. ఎవరైనా నోరు జారి యాడికి అంటే, పోయేవాడు తిట్టుకుంటూనే ఇంట్లోకి వెనక్కి వచ్చి, ఒక్క నిమిషం కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ కొత్తగా బయలుదేరాలి. నేను చిన్నప్పుడు మా నాయన చేత అట్లా ఎన్నిసార్లు చేయించి దెబ్బలు తిన్నానో. కానీ ఏడాది తర్వాత, ఖాళీ బండతో ఆ మాట అనడం చూస్తే, వదినకి మతి చలించిందని నాకు నమ్మకం కుదిరింది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించాలి అనుకున్నాను. కెమెరా వల్లే ఇదంతా అని తుమ్మచెట్టు నుంచి ఊడదీసి చంకన పెట్టుకున్నాను. దాని బటన్ ఆపానా లేదా అన్నది ఆ చిరాకులో చూసుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కెమెరాని వసారాలో గోడకున్న మేకుకి తగిలించాను. వదిన జొన్నరొట్టె, పప్పు పెట్టింది. తిని, వసారా పక్క గదిలో చాప వేసుకుని పడుకున్నాను. ఎండలో నడిచిన అలసటకి ఒళ్లు తెలియకుండా నిద్రపట్టింది. లేచేసరికి పొద్దు వాలింది. వదిన వాకిట్లో నీళ్లు చల్లుతోంది. ఏదో పాత పదం సన్నగా పాడుకుంటోంది. ఆమె గొంతు అట్లా విని ఎన్నాళ్లయిందో. వింతగా అనిపించింది గానీ అడగలేదు. కెమెరా తీసుకుని పత్తికొండకి వచ్చేశాను.

కార్డు ఖాళీ చేసి ఖాజాకి తిరిగిచ్చేద్దామని కంప్యూటర్‌లో పెట్టాను. బండ ఫోటోలు, బండ ముందర వదిన, దారి పొడుగునా నా చంకలో చీకటి. వాటి తర్వాత మా వసారా ఫోటోలు ఉన్నాయి. కెమెరా ఆపలేదన్నమాట.

మొదటిదాంట్లో వదిన ఇంట్లోంచి చెంబుతో వస్తోంది. తర్వాతి దాంట్లో స్తంభం పక్కన పీట వాల్చి ఉంది. పీట సగమే ఫ్రేములో పడింది, తక్కిన సగం బయట. వదిన దానికి ఎదురుగా నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత చాలా ఫోటోలు దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. వదిన కూర్చునే ఉంది. తల ఎత్తి, కొంచెం ఎడమకి తిప్పి, పీట మీద కూర్చున్న మనిషి మొహం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి చూస్తోంది. చెంబు ఒక ఫోటోలో ఆమె ముందర ఉంది, ఒకదాంట్లో పీట పక్కన ఉంది, ఇంకోదాంట్లో మళ్లీ ఆమె దగ్గరికి వచ్చింది. ఆమే జరిపి ఉండొచ్చు. జరపకూడదని ఏముంది.

ఒకదాంట్లో నోరు తెరిచి ఏదో అంటోంది. ఒకదాంట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకదాంట్లో నవ్వుతోంది. ఎన్ని వందల పెళ్లిళ్లలో ఎంతమందిని నవ్వండి నవ్వండి అని నవ్వించానో, వాళ్ల అన్నదమ్ములు పక్కన నిలబడి గిలిగింతలు పెట్టినా రాని నవ్వు అది. ఆ చూపు నాకు తెలుసు. జింకలు చూసిన చూపే.

చివరి ఫోటోలో వదిన గడప దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. వెనకనుంచి తీసింది కాబట్టి మొహం కనపడదు. పీట ఖాళీగా ఉంది.

ఆ రాత్రి అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. పొద్దున్నే ఊరికి పోయాను. వదిన తలస్నానం చేసి ఉంది. మెడలో తాళి లేదు. పసుపుతాడు మడిచి దేవుడి గూట్లో పెట్టింది. ఆమే తీసింది, ఎవరూ తీయమనలేదు. పొయ్యి మీద ఒక్కరికి సరిపడా అన్నం ఉడుకుతోంది.

ఫోటోల సంగతి నేను చెప్పలేదు. ఇప్పటిదాకా ఆమెకి చూపించలేదు. ఒక్కటే అడిగాను.

"వచ్చినాడా?"

"వచ్చినాడు" అంది వదిన, పాలమనిషి వచ్చాడా అంటే చెప్పినట్టు.

"చెప్పినాడా, యాడికో?"

వదిన అన్నం కలిపి చూసి మూత పెట్టింది.

"శానా దూరమంట" అంది.

ఊరి పేరేదైనా చెప్పాడా, ఏ దిక్కో చెప్పాడా అని రెట్టించి అడిగాను. వెతకడానికి ఏదో ఒకటి కావాలి కదా. లేదంది. ఆమెకి అది చాలట. నాకు చచ్చేంత కోపం వచ్చింది. అంత దూరం నుంచి వెనక్కి వచ్చినవాడు అప్పుడైనా సరిగ్గా చెప్పి పోకూడదా అని మా అన్న మీద అరిచాను, ఆ వంటగదిలో నిలబడి, ఎదురుగా ఉన్నట్టు. అరుస్తూ ఏడ్చాను. ఏడాదిగా రానిది అప్పుడొచ్చింది. వదిన నన్ను ఆపలేదు. పీట తెచ్చి వాల్చి, కూర్చోమంది.

మా అన్న ఆచూకీ ఈ రోజుకీ దొరకలేదు. ఎముక ముక్క దొరకలేదు, చెప్పు దొరకలేదు. వదిన మాత్రం కోలుకుంది. ఒళ్లు పట్టింది. టమోటా తోటల్లో పనికి పోతుంది, ఊళ్లో ఆడవాళ్లు ఏమన్నా అంటే తిరిగి నాలుగు అంటుంది. ఆ డాక్టరు తన మందుల వల్లే అంటాడు. అనుకోనీ.

ఆ ఫోటోలు నా దగ్గరే ఉన్నాయి. నా వృత్తి నాకు నేర్పిన ప్రతి కారణం వాటికి వేసి చూశాను. ఒంటరి ఆడమనిషి తనలో తను మాట్లాడుకుంది. అంతకంటే వేరే ఏమీ అందులో లేదు. ఆమె కదిలింది, కెమెరా తీసింది. జింకల సంగతి మాత్రం నాకు అందలేదు. బండ వేడికి కెమెరా మోసపోవచ్చు, జింకలు ఎందుకు మోసపోతాయో నాకు తెలియదు. దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. ఎవరైనా ఫోటో పట్టుకొస్తే లెన్సు తుడుచుకోమనే చెబుతాను.

కానీ అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట కొట్టులో గిరాకీ లేనప్పుడు ఒక ఆలోచన వస్తుంది. వస్తే ఆ పూటకి ఇంక ఏ పనీ చేయలేను. ఒకవేళ వదిన చెప్పిందే నిజమైతే, మా అన్న ఆ రోజు నిజంగానే వచ్చి, ఆ పీట మీద కూర్చుని, నీళ్లు తాగి, ఆమెతో నవ్వుతూ మాట్లాడి పోయాడు. నేను ఆ పక్క గదిలోనే పడుకుని ఉన్నాను. తలుపు తెరిచే ఉంది.

నన్ను లేపలేదు.